తమ్ముడి పక్కన పెట్టిన రాతిగవ్వ

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో శిరీష అనే అమ్మాయి ఉంటుంది. వట్లూరులో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నం క్లాసులు లేని రోజున లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కిందికి దిగివచ్చి, "ఏవండీ ఆంటీ, పడుకున్నారా?" అంటూ తలుపు దగ్గరే నిలబడుతుంది. నేను పడుకోను. ఒంటరిగా ఉండేవాళ్ళకి మధ్యాహ్నపు నిద్ర పడదు. లేచేసరికి వెలుతురు తగ్గిపోయి, ఇంట్లోకి ఎవరో వచ్చి పలకరించకుండా వెళ్ళిపోయినట్టు ఉంటుంది. మొన్న వచ్చినప్పుడు ఆ అమ్మాయి పిల్లలకి చూపించడానికి తయారు చేసుకుంటున్న బొమ్మలు తెచ్చింది. వాటిలో ఒకటి పాతకాలపు గీతబొమ్మ. మట్టిలో ఒక పక్కకి తిరిగి పడుకున్న అస్థిపంజరం, దాని చేతుల దగ్గర మరో చిన్న అస్థిపంజరం. రెండింటి చుట్టూ, ముగ్గు చుట్టూ చుక్కలు పెట్టినట్టు, బోలెడన్ని గుండ్రటి రాళ్ళు.

ఎక్కడో చలిదేశంలో, మనుషులకి ఇంకా రాయడం తెలియని రోజుల్లో, ఒక తల్లినీ బిడ్డనీ అలా పూడ్చారట. ఆ రాళ్ళు మామూలు రాళ్ళు కావట. సముద్రంలో బతికిన జీవులు ఎన్ని యుగాల నాడో చచ్చిపోయి రాళ్ళుగా మారినవి. మన మెట్ట ప్రాంతంలో, అడవి అంచున కూడా బండపలకలతో కట్టిన పాత సమాధులున్నాయని, జనం వాటిని రాక్షసగుళ్ళంటారని, లోపల కుండలూ పూసలూ దొరుకుతుంటాయని శిరీష చెప్పింది.

"ఆ రాళ్ళు ఎందుకు పెట్టారమ్మా?" అని అడిగాను.

"ఎవరికీ తెలియదండి ఆంటీ. రాసిపెట్టలేదు కదా. దేవుడనుకుని పెట్టారని కొందరంటారు. తాయెత్తులాంటిదని కొందరు. బిడ్డ ఆడుకుంటుందని పెట్టారేమో కూడా. మనం ఊహించుకోవడమే" అంది.

టీ తాగి ఆ అమ్మాయి పైకి వెళ్ళిపోయింది. నేను గ్లాసులు కడగకుండా వంటింటి గట్టుకి ఆనుకుని చాలాసేపు నిలబడిపోయాను. మా ఇంట్లోంచి కూడా ఒక బిడ్డ అలాంటి రాయితోనే మట్టిలోకి వెళ్ళాడు. మాది రాయడం, చదవడం తెలిసిన ఇల్లు. అటక నిండా పంచాంగాలూ పురాణాలూ ఉండేవి. అయినా ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవరూ దాని గురించి గొంతెత్తి మాట్లాడలేదు కూడా. తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

మేము తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. నాన్నని కన్న తాతగారు పౌరోహిత్యం చేసిన మనిషి. నేను పుట్టకముందే పోయారు. ఆయన పోయాక ఇంటికి పెద్ద నాయనమ్మే. దేవుడి గదిలో ఒక ఇత్తడి సంపుటంలో నల్లటి సాలగ్రామాలుండేవి. ఆడవాళ్ళు వాటిని తాకకూడదు కాబట్టి రోజూ అభిషేకం చేసే బాధ్యత నాన్నది. ఆయనకి వాటి మీద ఎంత నమ్మకముండేదో నాకు తెలియదు, నాయనమ్మ మీద భయం మాత్రం బాగా ఉండేది. పొద్దున్నే నూతి దగ్గర చేద గిలక చప్పుడుతో మా ఇల్లు లేచేది. నాయనమ్మ తలస్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిబట్టని కర్రతో అందుకుని కట్టుకుని, దేవుడి గది గడప బయట పీట వేసుకుని కూర్చునేది. లోపల నాన్న తడిపంచెతో వణుకుతూ మంత్రం చదువుతుంటే, "ధార తెగకుండా పొయ్యరా. ఎక్కడికి పారిపోతోంది నీ బడి?" అనేది. తులసి, అరగదీసిన గంధం, కర్పూరం వాసన నడవలోకి వచ్చేవి. కాస్త పొద్దెక్కగానే వాటిని తోసుకుంటూ వీధిలోంచి బెల్లం, ఉల్లిపాయల వాసన వచ్చేది. మార్కెట్టుకి వెళ్ళే లారీలు మా వీధి చివరే ఆగేవి. ఉల్లిపాయ గడప దాటనివ్వని ఇంటికి ఊరంతా కలిసి ఉల్లివాసన పంపిస్తోందని నాయనమ్మ రోజూ విసుక్కునేది.

ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. నాతో ఆడుకునేవాళ్ళు లేరు. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చినా, మడి, మైల, తాకొద్దు, జరుగు అనే మాటలకి భయపడి తొందరగా వెళ్ళిపోయేవాళ్ళు. ఒంటరిగా ఆడుకునే పిల్లలకి వస్తువులతో మాట్లాడే అలవాటు వస్తుంది. నేను వంటింటి గూట్లోని ఖాళీ అగ్గిపెట్టెలతో, జాజితీగతో, నూతి చప్టా మీది చీమలతో మాట్లాడేదాన్ని. ఒకసారి నాన్న స్కూలు పిల్లల్ని పంగిడి వైపు రాతి క్వారీలు చూపించడానికి తీసుకెళ్ళి, సాయంత్రం వస్తూ జేబులోంచి ఒక చిన్న రాయి తీసి నా చేతిలో పెట్టారు. నా చిటికెనవేలంత ఉంది. మరమేకులా మెలికలు తిరిగి ఒక కొస సన్నబడింది. చూడటానికి గవ్వ, పట్టుకుంటే రాయి.

"ఇది సముద్రంలో బతికిన పురుగమ్మా. ఒకప్పుడు ఇటంతా సముద్రమే. చచ్చిపోయి మట్టిలో ఉండి ఉండి రాయైపోయింది" అన్నారు. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి కాస్త భయంగానే, "సాలగ్రామం కూడా ఇలాంటిదేనటమ్మా. రాతిగవ్వేనట" అన్నారు.

నాయనమ్మ చేటలో పప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు. "అయితే ఏమైందిరా? గవ్వలో ఆయన ఉండకూడదా?" అంది.

నాన్న నవ్వేశారు. వంటింట్లోంచి అమ్మ కూడా నవ్వడం వినిపించింది. "అయితే దీన్ని కూడా దేవుడి గదిలో పెట్టనా నాయనమ్మా?" అని నేను అడిగితే, "వద్దు. అది నీది. నువ్వే చూసుకో" అంది. అంతవరకూ ఆ ఇంట్లో నాదంటూ ఎవరూ ఏదీ చూపించలేదు. ఆ రాయిని నేను తలగడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని. స్నానానికి వెళ్తే నూతి గట్టు మీద కూర్చోబెట్టేదాన్ని.

అమ్మ మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు, పురిటికని మేమిద్దరం అమ్మ పుట్టింటికి వెళ్ళాం. కొల్లేటి అంచున ఉండేది ఆ ఊరు. గూడెంలో పాసింజరు ఎక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణించి బస్సులో వెళ్ళి, బస్సు ఆగిపోయిన చోట తాటిదోనె ఎక్కాలి. వానాకాలం. దోనె నడిపే మనిషి గడకర్ర నీళ్ళల్లోకి దించి తోస్తుంటే రెండు పక్కలా కిక్కిసగడ్డి ఒరుసుకుంటూ వెనక్కి వెళ్ళేది. గడ్డి అయిపోయిన చోట ఒక్కసారిగా నీళ్ళు, ఆ నీళ్ళకి అవతలి ఒడ్డు ఉండేది కాదు. అమ్మ ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసుకుని కూర్చుంది. తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు, ఆ ఊరి గుడి పూజారి. చుట్టుపక్కల లంకల్లో ఎవరింట్లో ఏ కార్యమైనా ఆయనే వెళ్ళి చేయించాలి. అమ్మమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. వాళ్ళ పెరటి మెట్ల దాకా నీళ్ళొచ్చేవి. నేను మెట్ల మీద కూర్చుని కొంగల్ని, గూడబాతుల్ని చూస్తూ రాతిగవ్వకి వాటి పేర్లు చెప్పేదాన్ని.

తమ్ముడు నెలలు నిండకుండానే పుట్టేశాడు. పురిటి గదిలో వాము పొగ, వేపాకు, ఆముదం, గోడల తడిమట్టి అన్నీ కలిసిన వాసన. నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదుగానీ అమ్మమ్మ వంటపనిలో ఉన్నప్పుడు వెళ్ళి మంచం పక్కన కూర్చునేదాన్ని. వాడు ఏడిస్తే పిల్లికూన అరిచినట్టుండేది. ఎక్కువగా ఏడ్చేవాడు కూడా కాదు. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నారు. ఆ వానలో, ఆ నీళ్ళ మీద, దోనెలో అంత చిన్న ప్రాణాన్ని ఎలా తీసుకెళ్ళడమని పెద్దవాళ్ళు వరండాలో మాట్లాడుకుంటూ ఉండేవారు. వాన తగ్గాక వెళ్దామనుకున్నారు. ఒక మధ్యాహ్నం నేను రాతిగవ్వని వాడి అరచేతిలో పెట్టాను. వేళ్ళు ముడుచుకున్నాయి. లాగితే వదల్లేదు.

"అమ్మా, చూడు! తీసేసుకున్నాడు" అన్నాను.

అమ్మ తల తిప్పి చూసి నవ్వింది. "కాసేపు ఉండనీవే. అక్కవి కదా" అంది. అమ్మ అలా నవ్వడం ఆ తర్వాత చాలా ఏళ్ళు చూడలేదు కాబట్టే ఆ నవ్వు నాకింత బాగా గుర్తుండిపోయింది.

ఒక పొద్దున నేను లేచేసరికి వంటింట్లో పొయ్యి వెలగలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వరండాలో తాతయ్య ఉతికిన పాతపంచె ఒకటి మోకాళ్ళ మీద వేసుకుని చింపుతున్నారు. గుడ్డ చిరిగే చప్పుడే ఆ రోజు నేను విన్న మొదటి చప్పుడు. నాన్నకి కబురు వెళ్ళింది. ఆయన వచ్చేదాకా ఆపరట. పసిబిడ్డల విషయంలో ఆలస్యం చెయ్యకూడదని అమ్మమ్మ నాకు చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. తాతయ్య పురిటి గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడితే, అమ్మ మంచం మీంచి లేచి గోడ పట్టుకుని నిలబడింది.

"నాన్నగారూ, మీరొక్కరే వెళ్తున్నారాండి?"

"దోనె నడపడానికి మనిషున్నాడమ్మా."

"అది కాదండి. వాణ్ణి అక్కడ ఒక్కణ్ణే వదిలేసి వచ్చేస్తారు కదా?"

తాతయ్య భుజం మీది ఉత్తరీయం సర్దుకున్నారు.

"మంత్రమేమైనా చదువుతారాండి?"

"దీనికి మంత్రం లేదమ్మా" అన్నారు తాతయ్య. విత్తనాలు చల్లే రోజుకి, కొత్త దోనె నీళ్ళల్లోకి దించే రోజుకి కూడా మంత్రం చెప్పే మనిషి, ఆ మాట అనడానికి గోడ వైపు తిరిగారు.

అమ్మ నా వైపు చెయ్యి చాపింది. "భానూ, వాడిది ఇటివ్వమ్మా" అంది. దేని గురించి అడిగిందో నాకు వెంటనే తెలిసింది. ఇచ్చేశాను. అమ్మ గుడ్డ మడత విప్పి, వాడి చేతిలో రాతిగవ్వ పెట్టింది. ఈసారి వేళ్ళు ముడుచుకోలేదు. అమ్మే ఒక్కొక్క వేలూ దాని మీదికి మడిచి, మళ్ళీ గుడ్డ చుట్టి, ఆ చేతిని పైనుంచి కాసేపు పట్టుకుంది.

"ఏంటమ్మా అది?" అని అడిగారు తాతయ్య.

"వాడిదేనండి."

శాస్త్రం ఏమంటుందో ఆలోచిస్తున్నారేమో, తాతయ్య కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత వంగి, అమ్మ చేతుల్లోంచి వాణ్ణి తీసుకుని గుండెకి ఆనించుకున్నారు. నేను పెరటి మెట్ల మీంచి చూశాను. దోనె కిక్కిసగడ్డి మధ్యలోకి వెళ్ళింది. నీళ్ళ మధ్య కాస్త మెరకగా ఉన్న దిబ్బ ఒకటుంది. ఊళ్ళో పోయిన పసిబిడ్డలందరినీ అక్కడే పెట్టేవారు. తాతయ్య తెల్లటి ఉత్తరీయం గడ్డి మీదుగా కొంతసేపు కనిపించి, తర్వాత కనిపించలేదు. గదిలోంచి అమ్మ, "వెళ్ళిపోయారా?" అని అడిగింది. "వెళ్ళిపోయారు" అన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు అమ్మా నేనూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నాన్న వచ్చారు. అమ్మకి ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక మమ్మల్ని తీసుకుని గూడెం బయలుదేరారు. రైల్లో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడించాలని కాబోలు, "నీ రాతిగవ్వ ఏదమ్మా?" అని అడిగారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "పోయింది" అన్నాను. "పోనీలే, ఈసారి ఇంకోటి తెస్తాను" అన్నారాయన. అన్నట్టే తెచ్చారు. అది ఇంకా పెద్దది, మెలికలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నేను దాంతో ఆడలేదు. చివరికి అది నాన్న బల్ల మీద పరీక్ష పేపర్లు ఎగిరిపోకుండా పెట్టే బరువైంది. అమ్మ ఆయనకి ఎందుకు చెప్పలేదని నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాన్న కోప్పడే మనిషి కాదు. దాని గురించి వివరించి చెప్పే మనిషి. ఆ వివరించడానికే అమ్మ భయపడిందేమో. పోయేదాకా నాన్నకి ఆ సంగతి తెలియలేదు.

గూడెంలో మా ఇల్లు మళ్ళీ అంతకుముందులాగే నడిచింది. అదే గిలక చప్పుడు, అదే తడిపంచె, అవే లారీలు. ఇంటినిండా మనుషులు, వచ్చేపోయే చుట్టాలు. భోజనాల వేళకి ఎప్పుడూ ఒకటో రెండో విస్తళ్ళు ఎక్కువే పడేవి. పోయినవాడి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడమే అమ్మకి మంచిదనుకునేవారు. అమ్మ అందరికీ వడ్డించి, అందరూ పిలిచినదానికి పలికి, మధ్యాహ్నం పెరట్లో జాజితీగ దగ్గర ఒక్కర్తీ కూర్చునేది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా తల నిమిరేది. ఆ చెయ్యి నా తల మీద ఉన్నట్టుండి ఆగిపోయేది. అప్పుడు అమ్మ అక్కడ లేదని నాకు అర్థమయ్యేది.

అలా కొన్నాళ్ళు గడిచాక నాన్నని కన్న తాతగారి ఆబ్దికం వచ్చింది. భోక్తలు భోంచేసి, తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు. మగవాళ్ళ భోజనాలూ అయ్యాయి. ఆఖరున నాయనమ్మ, అమ్మ, నేను వంటింట్లో విస్తళ్ళ ముందు కూర్చున్నాం. నువ్వులు, నెయ్యి, గారెలు వేగిన నూనె వాసన ఇంకా గదిలోనే ఉంది. అమ్మ అన్నం కలిపి, తినకుండా ఆగింది.

"అత్తయ్యగారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి."

"అడుగు."

"పసివాడికి ఏమీ ఉండదాండి? ఏడాదికొకసారైనా, ఏదో ఒకటి?"

నాయనమ్మ కసురుకుంటుందనుకున్నాను. ఆవిడ విస్తట్లో చెయ్యి అలాగే ఉంచి, "ఉండదమ్మా. పళ్ళు రాని బిడ్డకి దహనం లేదు, పిండం లేదు. మట్టిలో పెట్టి వచ్చి స్నానం చెయ్యడమే. వాళ్ళకి ఏ దోషమూ అంటదు, అందుకని మంత్రం అక్కర్లేదంటారు. మీ మామగారు కూడా నాతో అదే అన్నారు" అంది.

"మీతోనాండి?"

"మీ ఆయనకి ముందు ఒకడున్నాడు సావిత్రీ."

 నేను గారె నోట్లో పెట్టుకుని నమలడం మానేశాను. నాన్నకి ఒక అన్నయ్య ఉన్నాడని ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు. నాన్నకైనా తెలుసో లేదో.

"కాలవ గట్టున పెట్టొచ్చారు. ధనుర్మాసం. పొగమంచు, ఒకటే చలి. ఇంకో గుడ్డ చుట్టండి అందామనుకున్నాను. పెద్దవాళ్ళందరూ ఉన్నారు, నోరు పెగల్లేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పటికీ చలి మొదలయ్యేసరికి నాకు అదే తోస్తుంది, ఇంకో గుడ్డ చుట్టమనాల్సింది అని." నాయనమ్మ అమ్మ వైపు తిరిగి, "నువ్వేమైనా పెట్టావా వాడి దగ్గర?" అని అడిగింది.

"భాను రాతిగవ్వ పెట్టానండి. ఒకరోజు చేత్తో పట్టుకున్నాడు దాన్ని. వదల్లేదు."

"పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడండి."

నాయనమ్మ ఎడంచేత్తో గరిటె అందుకుని పరమాన్నం తీసి అమ్మ విస్తట్లో వేసింది. "మంచిపని చేశావు. తిను" అంది. అమ్మ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు విస్తట్లో పడుతున్నాయి, అయినా ఆపకుండా తింది. నాయనమ్మ అమ్మ తినేంతసేపూ లేవకుండా కూర్చుంది. అంతే. ఆ మాట మళ్ళీ వాళ్ళిద్దరి మధ్య నేను వినలేదు. ఆ చలికాలం నుంచి మాత్రం, తెల్లవారుజామున నూతి దగ్గరికి వెళ్ళే ముందు నాయనమ్మ మేం పడుకున్న గదిలోకి వచ్చి, అమ్మ మీద దుప్పటి సరిచేసి వెళ్ళడం నిద్రమత్తులో చాలాసార్లు చూశాను.

శిరీష చూపించిన బొమ్మలో నన్ను పట్టుకున్నవి ఎముకలు కావు, ఆ రాళ్ళే. అన్ని రాళ్ళు ఏరడం ఒక మనిషి పని కాదు. సుద్దనేలల్లోనో, వాగు ఒడ్డునో, నలుగురూ వంగి వెతుకుతూ తిరిగి ఉంటారు. ఒకరికి దొరికినది ఇంకొకరికి చూపించుకుని ఉంటారు. తలొకటి తెచ్చి పేర్చి ఉంటారు. మాటలు వాళ్ళకి ఎన్ని వచ్చో మనకి తెలియదు, ఆ తల్లీబిడ్డల కోసం అంతమంది కలిసి ఒక పని చేశారన్నది మాత్రం కనిపిస్తోంది. మా వాడికి ఒక్కటే రాయి. అది కూడా ఒక బాలింత తన తండ్రి ముందు ధైర్యం తెచ్చుకుని పెట్టినది. ఇన్ని మంత్రాలు తెలిసిన ఇళ్ళల్లో, వాడి కోసం వంగి వెతికినవాళ్ళు లేరు.

తర్వాత నా చదువు, ఏలూరు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి. మాకు పిల్లలు కలగలేదు. నాయనమ్మ, తర్వాత నాన్న వెళ్ళిపోయారు. గూడెం ఇల్లు అమ్మేశాక అమ్మ పవర్‌పేటలో మా ఇంటికి వచ్చింది. మావారు కూడా పోయాక ఇద్దరమే ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో కొల్లేట్లో వెలిసిన చేపల చెరువుల గట్లని సర్కారు కొట్టేస్తోందని పేపర్లో రోజూ వచ్చేది. కొట్టాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు, మా భూమి అనేవాళ్ళు, అది సరస్సు అనేవాళ్ళు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వార్తలన్నీ వదలకుండా చదివేది. ఒకరోజు పేపరు మడిచి, "గట్లు తీసేస్తే పాత కొల్లేరు వస్తుందిటే?" అని అడిగింది.

"ఏమోనమ్మా. కొంత రావచ్చు."

"అయితే దిబ్బ కనిపిస్తుందేమో. ఒకసారి వెళ్దామే."

ఏ దిబ్బ అని నేను అడగలేదు. ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. దోనె నడిచిన చోట తారురోడ్డు ఉంది. ఐసుపెట్టెల లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి. తాతయ్య ఇల్లు ఉండే చోట ఎవరిదో డాబా. పెరటి మెట్లుండే వైపు నుంచి చూస్తే ఎటు చూసినా మట్టిగట్లు, గట్ల మధ్య పచ్చటి నీళ్ళు, చేపలకి గాలి అందాలని ఆ నీళ్ళ మీద తిరుగుతున్న చక్రాలు. కిక్కిసగడ్డి ఎక్కడా లేదు. అటు వైపు గట్లని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఏది దిబ్బో, ఏది చెరువో, దిబ్బని తవ్వి ఏ గట్టు మీద పోశారో చెప్పడం ఎవరి తరమూ కాదు. అమ్మ ఆటో దిగి, కొంగు తల మీద కప్పుకుని, ఒక గట్టు మీద నడవడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను. గట్టు చివర పాకలోంచి ఒక పెద్దమనిషి బయటికి వచ్చాడు. తవుడు బస్తాలు దింపుతున్నాడేమో, ఒళ్ళంతా తెల్లగా ఉంది.

"ఎవరికోసమండీ అమ్మగారూ? ఇటు జారుతుందండి, జాగ్రత్తండి" అన్నాడు.

"మా అబ్బాయి ఇక్కడే ఉంటాడు బాబూ" అంది అమ్మ.

"అలాగాండి! ఏ చెరువు మీదుంటాడండి? పేరు చెప్పండమ్మా, పిలిపిస్తాను."

నేను అడ్డుపడి ఏదో చెప్పబోయాను. బారసాల కాకుండానే పోయినవాడికి పేరేమిటి? నాకు తెలిసి వాణ్ణి ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. అమ్మ నా చెయ్యి నొక్కి ఆపింది. ఆ మనిషి కళ్ళల్లోకి చూస్తూ, ఎన్నోసార్లు చెప్పి అలవాటైన మాటలా, "మాధవ" అంది.

అతను వెనక్కి తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, నీళ్ళ మీదుగా కేకేశాడు. "ఓ మాధవా! మాధవోయ్! మీ అమ్మగారొచ్చారయ్యా!"

గట్టు మీది కొంగలు లేచాయి. ఆ కేక చెరువు మీదుగా వెళ్ళి, దాని అవతలి చెరువు మీదుగా వెళ్ళింది. దూరంగా గట్టు మీద ఎవరో తలెత్తి చూసి, ఇక్కడ లేడన్నట్టు చెయ్యి ఊపారు. అతను ఇటు పక్కకి తిరిగి మళ్ళీ పిలిచాడు. నేను అమ్మ వైపు భయపడుతూ చూశాను.  ఇంట్లో ఎవరో పిలుస్తుంటే వినే మనిషిలా, తల కాస్త పక్కకి వంచి నిలబడింది.

"పలకట్లేదండీ. అవతల వల లాగుతున్నారు, అక్కడికెళ్ళుంటాడు. కుర్చీ వేస్తాను, కూర్చోండమ్మా. భోజనం వేళకి రాకుండా ఎక్కడికి పోతాడండి?" అన్నాడతను నొచ్చుకుంటూ.

"పరవాలేదు బాబూ. మీరు పిలిచారుగా. చాలు" అంది అమ్మ.

అయినా అతను ఊరుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీలు రెండు తెచ్చి పాక నీడలో వేసి, మంచినీళ్ళిచ్చి, తన పనికి వెళ్ళాడు. మేం చాలాసేపు కూర్చున్నాం. అమ్మ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది, నేను అమ్మకేసి. ఎండ చల్లబడ్డాక "పదవే" అని తనే లేచింది. ఆటోలో అడిగాను, "ఆ పేరు ఎప్పుడు పెట్టావమ్మా?" అని.

"వాడు పుట్టకముందే. మగపిల్లాడైతే అదే అనుకున్నాను. మీ నాన్నగారితో అందామనుకుంటే బారసాలకి చెప్పొచ్చులే అనిపించింది" అంది. ఏలూరు వచ్చేదాకా వాడి గురించే మాట్లాడింది. వాడి చెవులు తాతయ్య చెవుల్లా ఉండేవట. కుడిచేతి మీద గోధుమగింజంత మచ్చ ఉండేదట. ఆకలేసినా ముందు కళ్ళు తెరిచి చూసి, తర్వాత ఏడ్చేవాడట. అంతకాలం అవన్నీ ఎక్కడ దాచుకుందో తెలియదు. ఇంటికి వచ్చాక ఆకలేస్తోందని అడిగి అన్నం పెట్టించుకుని తింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఒక వేసవిలో, నిద్రలోనే పోయింది.

అమ్మ కర్మకాండకి వరసకి తమ్ముడయ్యే ఒకాయన వచ్చి అన్నీ శాస్త్రప్రకారం చేశాడు. అందరూ వచ్చారు. ఫోన్లలో అమ్మ ఫోటో తిరిగింది. దాని కింద దండం బొమ్మలు వరసగా వచ్చాయి. ఎక్కడెక్కడివాళ్ళో ఓదార్పు మాటలు రాశారు. మా నాయనమ్మ కాలంలో ఇంటినిండా మనుషులుండి, మాట మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు మాటలు వచ్చి పడుతుంటాయి, ఇంట్లో మనుషులుండరు. రెండింటిలో ఏది మేలో నేను తేల్చుకోలేను. నాయనమ్మ పరమాన్నం గరిటెతో వడ్డించి, లేవకుండా కూర్చున్న ఆ కాసేపు మాత్రం నాకు ఆ తర్వాత ఎక్కడా దొరకలేదు.

పవర్‌పేట ఇల్లు ఖాళీ చేసి వట్లూరు వచ్చాను. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు. పాలు తెచ్చే అబ్బాయి అమ్మగారూ అంటాడు. మెట్ల మీద ఎదురైన పిల్లలు ఆంటీ అంటారు. బ్యాంకులో మేడం అంటారు. నా పేరు భానుమతి అని వీళ్ళల్లో ఎవరికైనా తెలుసేమో, తెలిసినా దాంతో ఎవరికీ పని పడదు. భానూ అని పిలిచిన ఆఖరి మనిషి అమ్మే. మధ్యాహ్నం పూట ఒక్కోసారి కింద వాచ్‌మన్ ఎవరి ఇంటివాళ్ళనో పేరు పెట్టి గట్టిగా కేకేస్తాడు. అది నా పేరు కాదని తెలుసు. అయినా చేతిలో పని వదిలి, బాల్కనీ దాకా వెళ్ళి వింటాను.